హైదరాబాద్ బండి ఎక్కే ముందు ఎ.కె.బీర్‌ని చూడండి

సినిమా పిచ్చి పట్టిన మా ఒడిశా బరంపురం తెలుగు కుర్రాడు చేసే మొదటి పని హైదరాబాద్ బండి ఎక్కడం. కృష్ణానగర్‌లో గది, ఎవరో ఒక డైరెక్టరు వెనక తిరుగుడు, అయిదారేళ్లకి ఇంటికి బెరుకు బెరుకుగా ఓ ఫోను. ఈ తిరుగుడు దండగని చెప్పడానికి నాకు ఒడియా కెమెరామన్, దర్శకుడు అపూర్వ కిశోర్ (ఎ.కె.) బీర్ ఒక్కరు చాలు.

ఆయన ఎవరో ఒడిశాలో ఉంటూ తెలియదంటే కుదరదు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కెమెరా చదువు, హిందీ సినిమా '27 డౌన్'కి జాతీయ అవార్డు, సొంత దర్శకత్వంలో 'ఆది మీమాంస' (1991), 'లావణ్య ప్రీతి' (1993), 'బాజా' (2002). తెలుగువాళ్లం మరిచిన ముక్క వేరే ఉంది. 1988 నాటి బి.నర్సింగరావు 'దాసి'కి కెమెరా పట్టింది బీరే. ఉత్తమ ఛాయాగ్రహణం జాతీయ అవార్డు ఒక తెలుగు సినిమాకి ఒడియా ఆయన చేతుల మీదుగా వచ్చింది.

'దాసి'లో మాటలు బాగా తక్కువ. గడిలో, అంటే దొరగారి భవంతిలో, దాసి కమలాక్షి పని చేసుకుంటూ ఉంటుంది, కెమెరా తొందరపడదు. చూస్తూ చూస్తూ ఉంటే మనిషి కన్నా ఇల్లే పెద్దదైపోతుంది. దొరతనం అంటే ఏమిటో ఏ డైలాగూ చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది. ఇలా చూడగలిగినవాడు తర్వాత తన సినిమాలు తాను తీసుకున్నాడంటే ఆశ్చర్యమేముంది? ఎక్కడ నిలబడి చూడాలన్నదే దర్శకత్వంలో సగం. రెండేళ్లకోసారి మా బరంపురం ఠాకురాణి అమ్మవారి యాత్రలో రాత్రిపూట ఘటాలు వీధుల్లోకి వస్తాయి, వేషాలు కట్టినవాళ్లు గుంపుల్లోంచి తోసుకొస్తారు. తెలుగు దేరా నేతగాళ్ల ఇళ్ల నుంచి పుట్టిన పండగ. దాన్ని ఏ అరుగు మీంచి చూడాలో హైదరాబాద్ నుంచి పిలిపించిన కెమెరామన్‌కి ఎవరు చెప్తారు? ఆ అరుగు మీద పెరిగినవాడే కెమెరా పట్టాలి.

దర్శకత్వం, కెమెరా రెండు పనులూ ఒకడే నెత్తినేసుకుంటే నటుల్ని పట్టించుకునేదెవరని అడుగుతారు. ఫ్రేములు అందంగా ఉండి మనుషులు బొమ్మల్లా మిగిలిన సినిమాలు నేనూ చూశాను. అయినా గుడారంలో మానిటర్ ముందు కూర్చున్నవాడి కన్నా వ్యూఫైండర్‌కి కన్ను ఆనించినవాడే నటుడికి దగ్గర.

అసలు నా గోడు కెమెరా గురించి కాదు, మాట గురించి. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే గిడుగు రామమూర్తి వాడుక తెలుగు కోసం కొట్లాడారు. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసేసరికి అక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన వెళ్లారు, మేం మిగిలాం. వాక్యం తెలుగులో మొదలై ఒడియాలో తేలే మా మాటని తెలుగు సినిమా కమెడియన్‌కి కూడా ఇవ్వలేదు. అందుకే కెమెరా కొంటానని నా దగ్గరికి వచ్చే ప్రతి కుర్రాడికీ ముందు మంచి మైకు కొనమంటాను. లెన్సులు అద్దెకి దొరుకుతాయి.