ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ నడుమ

కిందటి నెల ఒక పెళ్ళికని హైదరాబాదు వెళ్ళి ఓ పెద్ద హోటల్లో రెండు రోజులు దిగాను. పేరు చెప్పను, పిలిచినవాళ్ళు నొచ్చుకుంటారు. ఆ రెండు రోజుల్లో నేను గ్రహించిందేమిటంటే, హోటలుకి 5 నక్షత్రాలు రావాలంటే ఈతకొలను ఒక్కటే చాలదు. లాబీలో, లిఫ్టులో, ఇడ్లీల దగ్గర, ఆఖరికి బాత్రూములో కూడా స్పీకర్లోంచి ఒకావిడ ఇంగ్లీషు పాటలు గుసగుసలాడుతూ ఉండాలి.

ఆవిడ మీకూ తెలుసు. పేరు ఎవరికీ తెలీదు, మొహం ఎవరూ చూళ్ళేదు. పక్కన పసిబిడ్డ పడుకుని ఉంటే అలికిడి కాకుండా గిన్నెలు సర్దుకునే ఇల్లాలిలా పాడుతుంది. వెనకాల ఒకాయన బోసానోవా అనే బ్రెజిల్ సంగీతం పేరు చెప్పి గిటారుని తీరిగ్గా గోకుతుంటాడు. ఇంకొకాయన డ్రమ్ము మీద బ్రష్షుతో బూజు దులుపుతుంటాడు. బ్రెజిల్ వాళ్ళు ఏం పాపం చేశారో గానీ, వాళ్ళ సంగీతం మన ఫలహారాల బల్లకి కాపలా కాస్తోంది. ఏ పాటైనా సరే, ఈ ముగ్గురి చేతుల్లో పడితే ఆసుపత్రి జావే. ఉప్పుండదు, పోపుండదు, అరుగుదలకి మాత్రం మంచిది.

ఆవిడ పాడేవన్నీ పాత అమెరికా పాటలే. పాత పాటని మళ్ళీ పాడటం మీద నాకు గొడవేమీ లేదు. అమెరికా వాళ్ళు స్టాండర్డ్స్ అనే ఆ పాటలు నాటకాల్లోంచో సినిమాల్లోంచో బయటపడి, వందమంది నోళ్ళలో నాని పెద్దవైనవే. ఒకే కీర్తనని ఇద్దరు విద్వాంసులు రెండు రకాలుగా పాడితే మనం పోలీసుల్ని పిలవం కదా. జాజ్ విద్వాంసుడు కోల్‌మన్ హాకిన్స్ 1939లో ‘బాడీ అండ్ సోల్’ని సాక్సఫోను మీద అందుకుని, రచయిత కట్టిన వరసని మొదట్లోనే కాస్త పలకరించి వదిలేశాడు. మిగతాదంతా సొంత బుర్ర. జనం ఆ రికార్డుని ఎగబడి కొన్నారు. ‘ఫ్లై మీ టు ద మూన్’ 1954లో పుట్టినప్పుడు మూడు దెబ్బల వాల్ట్జ్. వాద్యాలు కూర్చే క్విన్సీ జోన్స్ దాన్ని నాలుగు దెబ్బల్లోకి మార్చి, కౌంట్ బేసీ జాజ్ బృందం చేత వాయింపజేసి, 1964లో గాయకుడు సినాత్రా చేతిలో పెడితే అది నిజంగానే వ్యోమగాముల వెంట చంద్రుడి దాకా వెళ్ళింది. సాక్సఫోను విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ ‘మై ఫేవరిట్ థింగ్స్’ని 13 నిమిషాల పైచిలుకు వాయించాడు. ఇదే హోటల్లో అదే పాట ఒకటిన్నర నిమిషంలో అయిపోయింది. ఇంతలో దోసె కూడా రాలేదు.

అరుపులు తగ్గిపోయాక రాక్ గాయకులు ఈ పాటల పంచన చేరడం మరో ముచ్చట. రాడ్ స్టీవర్ట్ 2002లో మొదలుపెట్టి ఈ పాటలతో 5 సంపుటాలు తీశాడు. బాబ్ డిలన్ 2015 నుంచి మూడేళ్ళలో మూడు ఆల్బమ్‌లు తీశాడు. అందులో మూడోది మళ్ళీ మూడు డిస్కులు! దీన్ని నేను పెన్షన్ పథకం అంటాను, మా ఇంట్లో ఒప్పుకోరు. కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ ఇలాంటి పాటలతో తీసిన 1978 ‘స్టార్‌డస్ట్’ ఆల్బమ్ జోలికి మాత్రం ఎవరైనా వస్తే ఊరుకోను. ఎవరేమన్నా ఆ ముసలివాళ్ళకి గొంతంటూ ఒకటుంది, తెల్లారేసరికి బొంగురుపోయేదే కావచ్చు. హోటలావిడకి ఉన్నది ఊపిరి మాత్రమే.

ఇక లిఫ్టు సంగతికి వస్తాను.

రెండో రోజు పొద్దున ముహూర్తానికి గంట ముందు కరెంటు పోయింది. లిఫ్టు ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ నడుమ ఆగింది. లోపల నేను, పెళ్ళికొడుకు తరఫు బాబాయిగారు, నిద్రమొహంతో ఆయన మనవడు, కాఫీ ట్రేతో రూమ్ సర్వీస్ కుర్రాడు. అతనెక్కే స్టాఫ్ లిఫ్టు రిపేరులో ఉందట, అందుకని మాతో ఎక్కాడు, ఎక్కినప్పటి నుంచీ మూలకి ఒదిగి ఉన్నాడు. లైటు ఆరింది. ఫ్యాను ఆగింది. పాట ఆగలేదు.

బాబాయిగారు ఎర్ర బటను నొక్కారు. “హలో సార్, ఫైవ్ మినిట్స్ సార్” అంది గోడ.

“లిఫ్టు సంగతి తరవాత బాబూ, ముందు ఆ పాట ఆపించు.”

“పాట వేరే కనెక్షన్ సార్. దానికి యూపీఎస్ ఉంది.”

“మరి ఫ్యానుకో?”

గోడ కాసేపు ఆలోచించి, “చెక్ చేస్తాం సార్” అంది.

బాబాయిగారు పట్టుపంచె మోకాళ్ళ దాకా ఎత్తి, పెళ్ళిపత్రికతో విసురుకోవడం మొదలుపెట్టారు. చీకట్లో ఆవిడ ‘ఆటమ్ లీవ్స్’ పాడింది. ‘ఫ్లై మీ టు ద మూన్’ పాడింది, మేము ఏడో అంతస్తు దాకా వెళ్ళినా చాలనుకుంటుంటే. పావుగంటయ్యాక ఆయన చెమట తుడుచుకుంటూ అడిగారు: “ఏమండీ, మీకు ఇంగ్లీషు వచ్చు కదా. ఇది ఒకే పాటా, నాలుగు పాటలా?” 40 ఏళ్ళుగా ఈ పాటలు వింటున్న నేను జవాబు చెప్పలేకపోయాను. మనవడు మాత్రం గోడకి ఆనుకుని హాయిగా నిద్రపోయాడు. ఆ ఒక్క శ్రోత విషయంలో ఆవిడ గెలిచింది.

అప్పుడు ‘సమ్మర్‌టైమ్’ మొదలైంది. నాకు ఒళ్ళు మండింది.

అది జోలపాటే, గుసగుసగా పాడితే తప్పేముందని అడుగుతారు. జోలపాట ఎవరికో తెలుసుకోండి. జార్జ్ గెర్ష్విన్ 1935 నాటి ‘పోర్గీ అండ్ బెస్’ అనే ఒపెరా కోసం దాన్ని కట్టాడు. అమెరికాలోని చార్లెస్టన్‌లో నల్లవాళ్ళ వాడ. ఒక జాలరి భార్య బిడ్డని ఊపుతూ మనకేం లోటని పాడుతుంది. తుఫాను వస్తుంది. జాలరి పోతాడు, అతని కోసం పరిగెత్తిన ఆవిడా పోతుంది. తరవాత ఆ అనాథ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఇంకొకావిడ అదే పాట పాడుతుంది. దీన్ని, హోటలువాళ్ళారా, మీరు ఉప్మా పక్కన పెట్టారు.

ఆ పాటని 1936 జులైలో జాజ్ గాయని బిల్లీ హాలిడే పాడింది. అప్పటికి 21 ఏళ్ళు. ఆ రోజు క్లారినెట్ వాయించినవాడు ఆర్టీ షా. రెండేళ్ళకి, 1938లో, ఆమె షా బృందంలో గాయని. అందరూ తెల్లవాళ్ళే ఉన్న బృందంలో నల్లపిల్ల ఒక్కతే. న్యూయార్క్‌లో హోటల్ లింకన్‌లో కచేరీలు. ఆవిడ పాట కావాలి, ఆవిడ మాత్రం నలుగురు ఎక్కే లిఫ్టు ఎక్కకూడదు. నల్లమనిషి ఈ హోటల్లో దిగిందని అతిథులు అనుకుంటారట! వంటింటి దారిన వచ్చి, సామాన్ల లిఫ్టులో పైకెళ్ళి, పాడి, మళ్ళీ అదే సామాన్ల లిఫ్టులో కిందికి. ఆ ఏడాదే ఆమె ఆ బృందం వదిలేసింది.

1939లో కెఫే సొసైటీ అనే క్లబ్బులో, చెట్లకి ఉరితీసిన నల్లవాళ్ళ గురించి ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ పాడేటప్పుడు వడ్డన ఆపేసేవారు. వెయిటర్లు కదలకూడదు, లైట్లు ఆర్పేసి ఆమె మొహం మీద ఒక్కటి ఉంచేవారు. అలాంటి గొంతుల మీదుగా మన దాకా వచ్చిన పాటలివి. ఇప్పుడు వాటికి మీరు అప్పజెప్పిన ఉద్యోగం ఏమిటి? వెయిటరు పనికి అడ్డం రాకుండా ఉండటం. మనిషిని లిఫ్టు ఎక్కనివ్వలేదు, మనిషి పోయాక పాటలోంచి మనిషిని పీకేసి, మిగిలిన తొక్కని లిఫ్టులో వేలాడదీశారు. సిగ్గుండక్కర్లేదా?

అది అమెరికా గొడవ, మనకెందుకంటారా? పనిమనిషి, డెలివరీ కుర్రాడు మెయిన్ లిఫ్టు ఎక్కితే జరిమానా అని ఇదే హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో కాగితాలు అంటించారు. ఆ కాగితం కింద సంతకం చేసిన సెక్రటరీగారి హాల్లో, నాకు తెలుసు, ఇదే గుసగుసావిడ ప్లేలిస్టు మోగుతుంటుంది.

అరగంటకి తలుపులు సందిచ్చాయి. స్టూలు వేసి మమ్మల్ని ఏడో అంతస్తు మీదికి లాగారు. ముహూర్తం దగ్గరపడింది, బాబాయిగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగలేరు. ఈలోగా రిపేరయిన స్టాఫ్ లిఫ్టు జనరేటరు మీద నడుస్తోందని ఎవరో అన్నారు. ఆయన అటు నడిచారు. కుర్రాడు చల్లారిన కాఫీ ట్రే పట్టుకుని అడ్డం వెళ్ళాడు.

“అందులో మీరు వద్దు సార్. అది మాది సార్.”

“ఏం, నేనెక్కితే కదలదా?” అన్నారాయన.

లోపల గోడలకి అట్టలు కట్టి ఉన్నాయి. ఒక పక్క మాసిన దుప్పట్ల బండి, తడి తువ్వాళ్ళ వాసన. బాబాయిగారు మనవణ్ణి భుజాన వేసుకుని, నాలుగు మూలలా పైకి చూసి స్పీకరు కోసం వెతికారు. ఎక్కడా లేదని రూఢి చేసుకున్నాక కండువాతో మొహం తుడుచుకుని, కుర్రాణ్ణి చల్లటి కాఫీయే ఒక కప్పు ఇమ్మన్నారు.