ఇంటి పేరు చెప్పండి

ఈ సంగతి జరిగి ఇంకా వారం తిరగలేదు. లిఫ్టులో ఎవరైనా తోడెక్కితే నేను ఇప్పటికీ ఫోను వంక చూస్తూ దిగేదాకా తల ఎత్తడం లేదు.

సీతమ్మధారలో ఇరవై రెండేళ్లు అద్దెకుండి, నిరుడే మధురవాడలో ఫ్లాటు కొనుక్కుని వచ్చాను. జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం సందర్భంగా సెల్లారులో చిన్న సభ పెడుతున్నామనీ, ‘మన నియోజకవర్గం ఎన్నికల చరిత్ర’ గురించి పది నిమిషాలు మాట్లాడాలనీ మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శి ముందురోజు రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఆజ్ఞాపించారు. బండి అడ్డంగా పెట్టినవాడికి ఫ్లాటు నంబరుతో సహా పేజీన్నర తాఖీదు రాసే ఆ మనిషి, మధురవాడ ఉన్న నియోజకవర్గం పేరు, భీమిలి అన్న మూడక్షరాల దగ్గరే ఎందుకు పొదుపు పాటించారో నాకు అంతుపట్టలేదు. ‘మన’ అన్న మాట చదవగానే నా బుర్ర పాత అలవాటు కొద్దీ సీతమ్మధారకు, అంటే విశాఖ ఉత్తర నియోజకవర్గానికి వెళ్లిపోయింది. రాత్రి రెండింటిదాకా కూర్చుని ఉత్తరం గురించే రాసుకున్నాను.

మర్నాడు సభలో నలభై మంది దాకా ఉన్నారు. బల్ల మీద ప్లాస్టిక్ కవరులో మడత విప్పని శాలువా ఒకటి ఉంది. దాని మీది ధర చీటీని ఎవరో గోటితో గీకి సగంలో వదిలేశారు.

తారీఖులు ముందు చదివితే జనం నిద్రపోతారన్న భయంతో, ఆసక్తికరమైన మనిషితో మొదలుపెడదామని గంటా శ్రీనివాసరావుతో ప్రారంభించాను. నా కొంప ముంచినది ఆ తెలివే. ఆయన 1999లో అనకాపల్లి లోక్‌సభకు, 2004లో చోడవరం అసెంబ్లీకి, 2009లో ప్రజారాజ్యం తరఫున అనకాపల్లి అసెంబ్లీకి గెలిచారని చెబుతుంటే తలలు ఒద్దికగా ఊగాయి. 2014లో భీమిలి అనగానే వెనక వరుసలో చప్పట్లు కూడా వినిపించాయి. అవి నా ఉచ్చారణకు వచ్చాయనుకున్నాను. ఆ ఉత్సాహంలో గొంతు పెంచి, ‘‘2019లో ఆయన ఆ భీమిలిని వదిలేసి మన దగ్గరకు వచ్చారు. మనం ఆయన్ని 1,944 ఓట్ల తేడాతో గట్టెక్కించాం’’ అన్నాను.

భీమిలి నియోజకవర్గంలో నిలబడి, భీమిలి ఓటర్లతో, ఆ భీమిలి అన్నాను. ఎక్కడో సముద్రం అవతల ఉన్న ఊరి గురించి చెబుతున్నట్టు చేయి కూడా విసిరాను.

ఊగుతున్న తలలు ఒక్కసారిగా ఆగాయి. మొదటి వరుసలో ఒక పెద్దాయన మోకాలి మీద చేయి ఆన్చి, కుర్చీ చేతిని రెండో చేత్తో పట్టుకుని లేవడం మొదలుపెట్టారు. ఆయన పూర్తిగా నిటారు కావడానికి పట్టిన కాలంలో, పాపం, నన్ను మెచ్చుకోవడానికే ఇంత శ్రమ పడుతున్నారని నేను ఆర్ద్రపడ్డాను. ‘‘కూర్చునే చెప్పండి సార్’’ అని కూడా అన్నాను.

‘‘ఏటి మాస్టారూ, 2019లో మన ఎమ్మెల్యే శ్రీనివాసరావు కదేటి?’’ అన్నారాయన.

‘‘అదే కదండీ చెబుతున్నాను’’ అన్నాను.

‘‘ఇంటి పేరు చెప్పండి.’’

‘‘గంటా.’’

‘‘ముత్తంశెట్టి.’’

తప్పు నాదేనని ఆ క్షణంలో నాకు బోధపడింది. కానీ మైకు చేతిలో ఉన్నవాడికి బుద్ధి ఆలస్యంగా వస్తుంది కాబట్టి, ఇద్దరూ శ్రీనివాసరావులే అయినప్పుడు ఇంటి పేరు అంత ముఖ్యం కాదేమోనని వాదించబోయాను. ఆయన నన్ను ఆపి, కాగితం ముక్క లేకుండా, 1983లో పూసపాటి ఆనంద గజపతిరాజు దగ్గర నుంచి అందుకున్నారు. 2009 నుంచి భీమిలి ఓటరు శ్రీనివాసరావును తప్ప మరొకరిని గెలిపించలేదట: 2009లో ప్రజారాజ్యం తరఫున ముత్తంశెట్టి, 2014లో తెలుగుదేశం తరఫున గంటా, 2019లో వైకాపా తరఫున ముత్తంశెట్టి, 2024లో మళ్లీ తెలుగుదేశం తరఫున గంటా. గంటా గెలిచిన 2014లో ముత్తంశెట్టి అనకాపల్లి ఎంపీ అయ్యారనీ, ముత్తంశెట్టి గెలిచిన 2019లో గంటా ఉత్తరంలో గెలిచారనీ ఆయన వేళ్లు మడిచి మరీ చూపించారు. నిజాయితీగా చెప్పాలంటే, నేను రాసుకున్న ఏడు పేజీల కంటే ఆ నాలుగు వేళ్లే బాగున్నాయి.

నా కాగితాల్లో అసలు మెరుపు తర్వాతి పేజీలో ఉంది. ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణకు నిరసనగా గంటా 2021 ఫిబ్రవరిలో చేసిన రాజీనామాను స్పీకరు 2024 జనవరిలో గానీ ఆమోదించలేదన్న ఆ ముచ్చట దగ్గర జనం నవ్వాలని, నేను ఒకటికి రెండుసార్లు అద్దం ముందు విరామం సాధన చేశాను. అక్కడిదాకా నన్ను ఎవరూ రానివ్వలేదు.

‘‘ఇంతకీ మీ ఓటెక్కడ?’’ అని పెద్దాయన మర్యాదగానే అడిగారు.

బదిలీకి ఇంకా దరఖాస్తు పెట్టలేదనీ, సీతమ్మధారలోనే ఉందనీ చెప్పాను. రాజీనామా దగ్గర రావలసిన నవ్వు ఇక్కడ వచ్చింది.

కార్యదర్శి మైకు లాక్కుని, ‘‘పొరుగు నియోజకవర్గం గురించి విలువైన విషయాలు తెలిపిన అతిథి వక్తకు కృతజ్ఞతలు’’ అన్నారు. నెలనెలా 3,200 రూపాయల మెయింటెనెన్సు వసూలు చేసేటప్పుడు మాత్రం నేను ఆయనకు అతిథిగా కనిపించను. సందేశంలో పేరు రాయలేదేమని తర్వాత నిలదీస్తే, ‘‘మన అంటే మనదేగా సార్, ఇంకెవరిది?’’ అన్నారు. శాలువాను పెద్దాయనకు కప్పి ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. ఫొటో అంచున మైకు పట్టుకున్న నా చేయి ఒక్కటే పడింది.