నదికి హారతి పట్టేవాళ్లు సరే, వకాల్తా పుచ్చుకునేదెవరు?

2017 మార్చి 20న ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకు మనుషులతో సమానమైన చట్టబద్ధ హోదా ఇచ్చింది. అదే రోజు న్యూజీలాండ్‌లో వాంగనూయి నదికి అలాంటి హోదానే ఇచ్చే బిల్లుకు ఆమోదముద్ర పడింది. మన తీర్పు నాలుగు నెలలు కూడా నిలవలేదు. జులై 7న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. వాళ్ల చట్టం ఇప్పటికీ నడుస్తోంది. నదిని తల్లి అనడంలో మనల్ని మించినవాళ్లు లేరు కదా, మరి ఎక్కడ బెడిసింది?

భక్తిలో కాదు, ఏర్పాటులో. ఉత్తరాఖండ్ తీర్పు నదులకు సంరక్షకులుగా నియమించింది ఎవరిని? గంగ శుద్ధికి కేంద్రం పెట్టిన నమామి గంగే పథకం డైరెక్టర్‌ని, రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని, అడ్వకేట్ జనరల్‌ని. ప్రభుత్వం మీద నది కేసు వేయాలంటే ప్రభుత్వం మనుషులే వేయాలన్నమాట! వరదొచ్చి ఊళ్లు మునిగితే నది తరఫున పరిహారం ఎవరు కట్టాలి? అనేక రాష్ట్రాల్లో పారే గంగ తరఫున ఒక్క రాష్ట్రం అధికారి ఎలా మాట్లాడతాడు? ఈ ప్రశ్నలతో సుప్రీంకోర్టుకెక్కింది ఆ రాష్ట్ర ప్రభుత్వమే. ఒప్పుకోవాలి, అవి సరైన ప్రశ్నలే.

వాంగనూయి చట్టంలో వీటికి జవాబులు రాసి ఉన్నాయి. నదికి ఇద్దరు ప్రతినిధులు: ఒకరిని అక్కడి మూలవాసులైన మావోరీ తెగలు, ఇంకొకరిని ప్రభుత్వం ఎంపిక చేస్తాయి. ఎవరు పంపినా పని చేయాల్సింది మాత్రం నది కోసమే. నది బాగు కోసం 3 కోట్ల న్యూజీలాండ్ డాలర్ల నిధి పెట్టారు. నదీగర్భంలో ప్రభుత్వానికున్న భాగాన్ని నది పేరిటే రాసిచ్చారు. ఇది ప్రకృతి ప్రేమ పొంగి చేసింది కాదు. నదీగర్భం మాదంటూ మావోరీలు 1938 నుంచి 1962 దాకా కోర్టుల చుట్టూ తిరిగి ఓడిపోయారు. ఆ పోరాటం ఆగకపోవడం వల్ల వచ్చింది. లోటు లేదనడం లేదు. ఎగువ నీళ్లను మళ్లించే టోంగరీరో జలవిద్యుత్ పథకం పాత అనుమతులతో ఇప్పటికీ నడుస్తోంది.

స్పెయిన్ ఇంకో అడుగు ముందుకేసింది. పొలాల నుంచి ఎరువుల నైట్రేట్లు చేరి, నీటిలో ఆక్సిజన్ పడిపోయి, 2019లో మార్ మెనోర్ ఉప్పునీటి సరస్సు ఒడ్డుకు చచ్చిన చేపలు కొట్టుకొచ్చాయి. ఆరు లక్షలకు పైగా సంతకాలు సేకరించి జనమే పార్లమెంటుతో 2022లో చట్టం చేయించారు. సరస్సు తరఫున ఎవరైనా కోర్టుకెళ్లవచ్చు.

విశ్వాసమే అడవులను కాపాడిందనేవాళ్లు చెట్లను, జంతువులను కాపాడే రాజస్థాన్ బిష్ణోయ్‌లను, దేవుడి పేరిట వదిలేసిన వనాలను చూపిస్తారు. నిజమే. కానీ అక్కడ నమ్మకంతోపాటు ఊరి కట్టుబాటు ఉంది, తప్పిన వాణ్ని నిలదీసే మనుషులున్నారు. గంగ ఒడ్డున నమ్మకం ఉంది, ఆ కట్టుబాటు లేదు. స్నానానికి పనికొచ్చే నీటిలో బీఓడీ (మురుగు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్, నీటిలో మురుగు ఎంతుందో చెప్పే కొలత) లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. హారతి పొగకు బీఓడీ తగ్గదు. మురుగుశుద్ధి కేంద్రం కడతారు, దానికి ఇళ్ల కాలువలు కలపరు. కలిపినా మున్సిపాలిటీ కరెంటు బిల్లు కట్టలేక మోటార్లు ఆపితే మురుగు నేరుగా నదిలోకే.

నన్నడిగితే మనకు న్యూజీలాండ్ దాకా పోవాల్సిన అవసరమే లేదు. ఒడిశా నియమగిరి కొండల్లో ఉండే డోంగ్రియా కోందు గిరిజనులకు ఆ కొండ దొర నియమరాజు దేవుడే. అయినా బాక్సైట్ తవ్వకాన్ని ఆపింది దేవుడొక్కడే కాదు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. 12 సభలు పెడితే 12 కూడా వద్దన్నాయి. మరుసటి జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. అంతకుముందే 1997లో, బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద మన సమతా సంస్థ వేసిన కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతాల భూమిని గిరిజనేతరులకు ఇవ్వరాదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. ఢిల్లీలో మంత్రిత్వ శాఖలు ఎన్ని పెట్టినా, కాదనే హక్కు ఊరి చేతిలో ఉన్నచోటే కొండ మిగిలింది.

మూసీ విషయంలోనూ అంతే. రేపు మూసీకి ఇలాంటి చట్టం తెస్తే, ఇద్దరు ప్రతినిధుల్లో ఒకరు హైదరాబాద్ దిగువన ఆ నీటితోనే వరి, పశుగ్రాసం పండించే పల్లెల నుంచి రావాలి. ఆ ప్రతినిధిని గ్రామసభలే ఎన్నుకోవాలి. ప్రతి శుద్ధికేంద్రం పరీక్షా ఫలితాలు నెలనెలా ఆ ఇద్దరు ప్రతినిధుల చేతికి అందాలి. హద్దు దాటితే కేసు వేయడానికి, ప్రభుత్వ ఆర్థిక శాఖ సంతకంతో పనిలేని నిధి ఉండాలి.