డ్రా అనే నిష్కామ కర్మ

చదరంగంలో ఆట డ్రా అయిందనగానే ఆవులించే ప్రేక్షకులు, ఆ పనికి ఎంతటి నిగ్రహం కావాలో ఎన్నడూ ఆలోచించినట్టు లేదు. 1927లో ప్రపంచ కిరీటం కోసం కాపబ్లాంకా, అలెఖిన్ బ్యూనస్ ఐరిస్‌లో తలపడ్డారు. కాపబ్లాంకాయే ముందుండి రూపొందించిన లండన్ నిబంధనల ప్రకారం ఆరు ఆటలు ముందుగా గెలిచినవాడే విజేత. డ్రాకు చిల్లిగవ్వ విలువ లేదు. అయినా సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఆడిన 34 ఆటల్లో ఆ మహానుభావులు 25 డ్రాలు చేశారు. ఫలాపేక్ష లేని కర్మకు ఇంతకన్న నిదర్శనం ఏం కావాలి?

సాధనం కూడా తగినదే దొరికింది. తెల్లవాడు మంత్రి ముందరి బంటును రెండు గళ్లు జరుపుతాడు, నల్లవాడూ అంతే చేస్తాడు. అప్పుడు తెల్లవాడు పక్క బంటును ఎదురుగా తెచ్చి తీసుకోమంటాడు. నల్లవాడు పెళ్లి పంక్తిలో రెండో బూరెకు చెయ్యి అడ్డం పెట్టే పెద్దమనిషిలా వద్దంటాడు. ఈ మర్యాదలయ్యాక గుర్రాలు, బిషప్‌లు, రూక్‌లు ఒకదానికొకటి చెల్లిపోయి, తగవు పడటానికి బోర్డు మీద ఏమీ మిగలదు. 34లో 32 ఆటలు క్వీన్స్ గాంబిట్ నిరాకరణ అనే ఈ ఆరంభంతోనే సాగాయి. దారి తప్పిన ఒకటో, మూడో ఆటల్లో ఫలితం తేలిపోయింది, చెరొకటి గెలిచారు. అలాంటి అపచారాల బెడద లేకుండా 13 నుంచి 20 దాకా ఎనిమిది ఆటలు వరుసగా డ్రా చేశారు. చివరికి అలెఖిన్ 6-3తో గెలవడం ఈ తపస్సుకు తగిలిన మచ్చ.

డ్రాలతో ఆటే చచ్చిపోతుందని బెంగపడిన కాపబ్లాంకా, 1920ల్లోనే బోర్డును 80 గళ్లకు పెంచి ఛాన్సలర్, ఆర్చ్‌బిషప్ అనే రెండు కొత్త పావులను చేర్చాలన్నాడు. చిక్కు వచ్చినప్పుడు కొత్త పదవులు సృష్టించాలన్న ఈ ఉపాయం మన సచివాలయాల్లో కాక చదరంగ క్రీడాకారుడి బుర్రలో పుట్టడమే వింత.

మాస్కోలో 1984 సెప్టెంబరులో మొదలైన కార్పోవ్, కాస్పరోవ్‌ల మ్యాచ్ మరింత ఉన్నతమైనది: 48 ఆటలు, 40 డ్రాలు. 1985 ఫిబ్రవరి 15న అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అయిన ఫిడే అధ్యక్షుడు కాంపోమానెస్ విజేత లేకుండానే దాన్ని ఆపేశాడు. ఆ ఏడాదే పెట్టిన కొత్త మ్యాచ్‌ను 24 ఆటలకు కుదించి, డ్రాకు అర పాయింటు చొప్పున కూలి కూడా కట్టారు. కూలి ముట్టాక అది నిష్కామ కర్మ ఎలా అవుతుందో ఫిడే వారే చెప్పాలి.