ఓటీపీ వస్తేనే మెరిట్

డిగ్రీ అడ్మిషన్లలో పైరవీలు పోయాయి. 2016లో తెలంగాణలో ఆన్‌లైన్‌లోనే డిగ్రీ సీట్లిచ్చే ‘దోస్త్’ వచ్చాక ప్రిన్సిపాల్‌కు చెప్పించే పని లేదు, కాలేజీ కాలేజీకి తిరిగి అప్లికేషన్ కొనే పని లేదు. హన్మకొండ పట్నం పిల్లయినా, ములుగు అడవుల్లోని తాడ్వాయి పిల్లయినా కంప్యూటర్ అడిగేది ఒకటే: ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ వచ్చిందా? ఇంతటి సమానత్వం రాజ్యాంగం రాసినవాళ్లకు కూడా తట్టలేదు.

తాడ్వాయి పిల్లకు రాలేదు. ఆధార్‌లో ఉన్నది నాయిన పాత నంబరు. రీచార్జి లేక మూణ్నెల్లు దాటితే కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇచ్చేసింది. ఆమె ఓటీపీ ఇప్పుడు ఎవరో పెద్దమనిషికి పోతోంది. ఆయనకు డిగ్రీ అక్కర్లేదు. మీసేవలో వేలిముద్ర వేయొచ్చు కదా అంటారా? మార్చి దాకా మిర్చి ఏరిన వేళ్లవి. గీతలు అరిగాయి, మెషీన్ ఒప్పుకోదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ మాత్రం ఆ వేళ్లు ఏరిన మిర్చిని ఏ వేలిముద్రా అడగకుండా కొంటుంది.

ఎట్లనో కొత్త సిమ్ ఆధార్‌కు ఎక్కించి, 200 రూపాయల రిజిస్ట్రేషన్ ఫీజు కట్టిందనుకుందాం. ఇక వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీలు, కోర్సులు వరసగా పెట్టడం. ఇక్కడ వరసే ప్రాణం. కంప్యూటర్ పైనుంచి చూసుకుంటూ వచ్చి, మార్కులకు ఎక్కడ సీటు తగిలితే అక్కడే ఆగిపోతుంది. కింద ఎంత మంచి కాలేజీ ఉన్నా చూడదు. నాలుగే పెడితే అసలు సీటే రాకపోవచ్చు. హన్మకొండ పిల్లకు ఇదంతా బీటెక్ అన్న చెబుతాడు. తాడ్వాయి పిల్లకు ఎవరూ లేరనుకోకండి, ప్రైవేటు కాలేజీ పీఆర్వో ఇంటికే వస్తాడు. “ఓటీపీ చెప్పు బిడ్డా, మిగతాది నేను చూసుకుంట.” చూసుకుంటాడు కూడా. మొదటి ఆప్షన్ ఆయన కాలేజీ, చివరి ఆప్షన్ కూడా అదే. పైసా తీసుకోడు.

సీటొచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే ఆ సీటు నాకు కావాలని ఖాయం చేయాలి. గడువు దాటితే సీటు పోతుంది. ఆ మెసేజ్ ఇంగ్లీషులో, రీచార్జి ఆఫర్ల నడుమ వస్తుంది. సీటొచ్చిందని ఊరంతా చెప్పుకున్న పిల్ల, కాలేజీ తెరిచిన రోజు పోతే లిస్టులో పేరుండదు. ఈమధ్య పిల్లలకు చదువు మీద శ్రద్ధ తగ్గిందని పెద్దలు ఊరికే అనరు.

అందుకే ఓ ప్రతిపాదన. ఇంటర్ ఫిజిక్స్‌కు 30 మార్కుల ప్రాక్టికల్స్ ఉన్నట్టే ఓటీపీకీ పెట్టాలి: సిమ్ బతికించుకోవడానికి 10, ఆప్షన్ల వరసకు 15, పీఆర్వోను గడప దాటనివ్వకపోవడానికి 5. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా నెట్ సెంటర్ అన్నను వేయాలి. ఎలాగూ జిల్లాలో సగం మంది పాస్‌వర్డ్‌లు ఆయన దగ్గరే ఉన్నాయి.