గులాబీ అన్నారు, పని దాచారు

ఏటా ఆగస్టు 5న మాడ్రిడ్‌లోని అల్ముదేనా శ్మశానం గోడ దగ్గర గులాబీలతో నివాళి అర్పిస్తారు. 1939లో స్పెయిన్ నియంత ఫ్రాంకో ప్రభుత్వం అక్కడ కాల్చి చంపిన పదమూడు మంది యువతుల కోసం. స్పెయిన్ వాళ్లను ‘పదమూడు గులాబీలు’ అంటుంది. వాళ్ల పేర్లు చదవండి: కార్మెన్, మార్తీనా, బ్లాంకా, పిలార్, హులియా, అదెలీనా, ఎలెనా, విర్తూదెస్, ఆనా, హొవాకీనా, దియొనీసియా, విక్తోరియా, లూయిసా. ఒక్క రోసా (స్పానిష్‌లో గులాబీ) కూడా లేదు.

వాళ్లలో ఎక్కువమంది ఐక్య సోషలిస్టు యువజన సంఘం సభ్యులు. హులియా కొనేసా ట్రామ్ కండక్టర్. పిలార్ బ్వేనో, మార్తీనా బరోసో దర్జీలు. అంతర్యుద్ధంలో మాడ్రిడ్ ఫ్రాంకో సైన్యం చేతిలో పడిపోయాక చెల్లాచెదురైన సంఘాన్ని మళ్లీ కూడగడుతూ కొందరు దొరికిపోయారు. జూలై 29న గబల్దోన్ అనే సైనికాధికారి హత్య జరిగేనాటికి వాళ్లు వెంతాస్ మహిళా జైల్లో ఉన్నారు. 450 మంది కోసం కట్టిన ఆ జైల్లో అప్పుడు వేలమందిని కుక్కారు. జైల్లో ఉన్నవాళ్లకు ఆ హత్యతో సంబంధం లేదు, అయినా ఆగస్టు 3న విచారణ ముగించి, 5న తెల్లవారుజామున కాల్చేశారు. నేరం ‘తిరుగుబాటుకు మద్దతు’. తిరుగుబాటు చేసి గద్దెనెక్కిన సైన్యమే ఆ కేసు పెట్టింది!

గులాబీ అనగానే ఇదంతా పక్కకుపోయి వయసు, అందం, అమాయకత్వం మిగులుతాయి. పాపం ఏమీ తెలియని పిల్లలు కదా అని కళ్లు తుడుచుకుంటాం. మరి తెలిసే సంఘంలో పనిచేసినవాళ్లను చంపితే తప్పు తగ్గుతుందా? ఆ ప్రశ్న రాకుండా ఆపేది ఈ పువ్వే.

ఈ అలవాటు పాతది. పెరూలోని లీమాకు చెందిన సెయింట్ రోసా (1586–1617) అసలు పేరు ఇసబెల్ ఫ్లోరెస్ దె ఒలీవా. ఊయలలో బిడ్డ ముఖం గులాబీలా కనిపించిందని మరియానా అనే పనిమనిషి అన్నదట. అమ్మమ్మ మాత్రం తన పేరే ఉండాలని పట్టుబట్టింది. చివరికి 1597లో ఆర్చ్‌బిషప్ తొరీబియో ‘రోసా’ అని ఖాయం చేశాడు. 1671లో ఆమె అమెరికా ఖండాల తొలి పునీతురాలైంది. పటాల్లో ఆమె తల మీద తరచూ గులాబీల కిరీటమే. ఇంటి ఆదాయం దెబ్బతిన్నాక ఎంబ్రాయిడరీ చేసి, తోటలో పూలు పెంచి అమ్మి కుటుంబాన్ని ఆదుకున్న సంగతి ఆ పటాల్లో కనబడదు. అర్జెంటీనా, ఉరుగ్వేల్లో ఆగస్టు చివరి గాలివానకు సైతం ఆమె పేరే పెట్టుకున్నారు.

‘పదమూడు గులాబీలు’ అన్న పేరే లేకపోతే ఆ యువతులను ఎవరు గుర్తుపెట్టుకునేవారు అంటారు. ఆ మాటలో నిజముంది. అదే రోజు చంపిన 43 మంది యువకులకు అంత గుర్తింపు రాలేదు. కానీ హులియా తల్లికి రాసిన చివరి ఉత్తరంలో ఇలా కోరింది: నా పేరు చరిత్రలో చెరిగిపోకూడదు అని. స్మారకాలపై ఆ పేరుకు పక్కనే ట్రామ్ కండక్టర్ అని రాస్తే ఎవరికి నష్టం?

ఇప్పటి గులాబీల సంగతి చూద్దాం. ఈక్వెడార్‌లోని కయాంబె ప్రాంతం భూమధ్యరేఖ మీదే, సుమారు 2,800 మీటర్ల ఎత్తులో ఉంది. ఏడాదంతా రోజుకు 12 గంటల వెలుతురు, రాత్రిళ్లు చలి. మొగ్గ నెమ్మదిగా ఎదుగుతుంది కాబట్టే కాడ పొడవు, తల పెద్దది. మొగ్గ మరీ బిగువుగా ఉండగా కోస్తే విచ్చుకోకుండానే మెడ వాలుతుంది, ఆలస్యమైతే దారిలోనే రేకులు విప్పేస్తుంది. ఆ అదను కంటితోనే పట్టాలి. కోశాక కింది ఆకులు, ముళ్లు తీసి, కాడ పొడవును బట్టి వేరుచేసి, 25 చొప్పున అట్టలో చుట్టి, 2 డిగ్రీల గదిలో పెడతారు. చల్లబడ్డ పువ్వును ఒక్కసారిగా వెచ్చటి గాలిలోకి తెస్తే రేకుల మీద తేమ పేరుకుని బోట్రైటిస్ బూజు పడుతుంది. గోధుమరంగు మచ్చలొచ్చిన పెట్టెను కొన్నవాడు డబ్బివ్వడు. గ్రేడింగ్, కట్టలు కట్టే పనిలో ఆడవాళ్లే ఎక్కువ. ప్రేమికుల రోజు ఫిబ్రవరి 14కు ముందు వారాల్లో వాళ్ల పనిగంటలు పెరుగుతాయి. మహిళా దినోత్సవం మార్చి 8న చేతిలో గులాబీ పెట్టి సరిపుచ్చుకునే కంపెనీలు ముందు ఆ ఓవర్‌టైమ్ లెక్క తేల్చాలి.