అన్నీ పది నిమిషాల్లోనే రావాలా?

"పది నిమిషాల్లో పాలు ఇస్తున్నవాళ్లు మిగతావన్నీ ఎందుకు ఇవ్వలేరు? ఊరి బయట పెద్ద గోడౌన్లు మూసేసి వీధివీధికీ డార్క్ స్టోర్లు పెడితే అందరికీ వేగంగా, చవగ్గా అందుతాయి." ఈ మాట వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. డార్క్ స్టోర్ అంటే ఆన్‌లైన్ ఆర్డర్ల కోసమే పేటలో సరుకు ఉంచే చిన్న గోడౌన్. లెక్క వేసి చూస్తే ఇది నిలవదు.

అందరికీ వేగమే కావాలన్నది మొదటి తప్పు. చేను ఎండిపోతున్న రైతుకు మోటారు స్పేర్ పార్టు ఈరోజే కావాలి. అదే రైతు వచ్చే సీజన్‌కి కొనే డ్రిప్ పైపులు పది రోజులు ఆలస్యమైనా ఇబ్బంది లేదు. తొందర ఆర్డర్‌ని బట్టి ఉంటుంది.

సరుకు దగ్గర్లో ఉంటే ఖర్చు తగ్గుతుందన్నది సగమే నిజం. ఇంటిదాకా తెచ్చే ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ ఏ రోజు గిరాకీ ఎంతుంటుందో తెలియదు కాబట్టి ప్రతి స్టోరూ కొంత బఫర్ స్టాక్, అంటే అదనపు సరుకు, పెట్టుకోవాలి. అంతా ఒకే చోట ఉంటే, ఒక పేటలో పెరిగిన గిరాకీ ఇంకో పేటలో తగ్గినదానితో సర్దుకుపోతుంది. ఒక గోడౌన్‌ని 100 స్టోర్లుగా విడగొడితే, ఏ పేట గిరాకీ దానిదే అనుకుంటే, అన్ని స్టోర్లలో కలిపి బఫర్ సుమారు 10 రెట్లు కావాలి. రోజూ అమ్ముడుపోయే పాలకి ఈ భారం పెద్దగా తెలియదు. ఎప్పుడో ఒకటి పోయే మిక్సీ జార్ మూతకైతే 100 చోట్ల డబ్బు ఇరుక్కుంటుంది.

వేగం కావాలంటే స్టాక్ పక్కనే ఉండాలనేవాళ్లు రువాండాలో రక్తం సరఫరా చూడాలి. ప్లేట్‌లెట్లు సుమారు 5 రోజులే నిలవుంటాయి. ప్రతి ఆసుపత్రిలో అన్ని గ్రూపులూ పెడితే వాడేలోపే గడువు దాటుతుంది. పెట్టకపోతే కాన్పులో రక్తస్రావమైన తల్లి ప్రాణం మీదికొస్తుంది. 2016లో జిప్‌లైన్ సంస్థ ముహంగా దగ్గర కేంద్రం పెట్టి, అక్కడ నిల్వ చేసిన రక్తాన్ని అడిగిన వెంటనే డ్రోన్‌లో పంపడం మొదలుపెట్టింది. 2022లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, రోడ్డు మీదకంటే గంటకు పైగా ముందే రక్తం చేరింది, గడువు దాటి వృథా అయ్యేది 67 శాతం తగ్గింది. మన వికారాబాద్‌లోనూ 2021 సెప్టెంబరులో డ్రోన్లతో మందులు పంపి చూశారు.

ఇక గోడౌన్లు మూసేయడమా? డార్క్ స్టోర్లను నింపేవే అవి! ఒకే గోడౌన్ నుంచి తొందర సరుకు రోజూ చిన్న బండిలో, ఆగగలిగింది లారీ నిండాక పంపొచ్చు. రెండు రోజులు ఆగుతానన్న కస్టమర్‌కి రేటు తగ్గించాలి. అందరి దగ్గరా ఒకే రేటు తీసుకుంటే, పక్కవాళ్ల తొందరకయ్యే ఖర్చు ఆగేవాళ్ల మీద పడుతుంది.